పుండు ఆరితే చాలా?

పీహెచ్‌సీ కట్టు గదిలో ఒక ఇనుప బల్ల, పక్కన స్టీలు ట్రే, గోడ మీద అయోడిన్ మరకలు. మా పెదనాన్న ఆ బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. కుడిపాదం బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు పుండు. ముందురోజు వేసిన గాజుగుడ్డ ఎండి పుండుకు అతుక్కుపోయింది. కట్టు కట్టే ఆయన్ని ఊళ్లో అందరూ కాంపౌండరు గారనే పిలుస్తారు. ఆయన ఆ గుడ్డ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగారు. గుడ్డతోపాటు పల్చటి ఎర్ర పొర లేచి వచ్చింది, కింద నెత్తురు ఊరింది. పెదనాన్న మాత్రం నాతో క్వింటా మిర్చి ధర గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నుదురు కూడా ముడవలేదు.

"నొప్పి లేదుగా పెద్దాయనా? మంచిదే. ఆరిపోతుందిలే" అన్నారు కాంపౌండరు గారు.

నాకూ అది మంచి కబురులాగే వినిపించింది. ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు, అసలు జబ్బు అదేనని. పుండును అంతలా లాగినా తెలియలేదంటే కాలికి స్పర్శ పోయిందన్నమాట. పదిహేనేళ్ల షుగరు ఆయన పాదాల్లోని నాడులను తినేసింది. కాంపౌండరు గారిని నేను తప్పుపట్టను. ఆయనకు కట్టు కట్టడం నేర్పింది అంతకుముందు ఆ పని చేసినాయన, ఆయనకు నేర్పింది ఇంకొకాయన. మన ప్రాథమిక వైద్యంలో పుండ్ల సంరక్షణ చాలా వరకు ఇలా చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది. పరిశోధన మాత్రం ఈ అరవై ఏళ్లలో చాలా దూరం వెళ్లింది. ఆ రెంటి మధ్య ఎడం ఎంతో, దాన్ని శిక్షణతో ఎంతవరకు పూడ్చగలమో చూద్దాం.

మొదటి చిక్కు మన మాటలోనే ఉంది. పుండు నయమైతే "ఆరింది" అంటాం, బట్టలు ఆరినట్టు, వడ్లు ఆరినట్టు. నయం కాకపోతే "పచ్చి పుండు" అంటాం. తడి ఉంటే చెడు, ఎండితే మేలు అన్న లెక్క మాటలోనే ఇమిడిపోయింది. అందుకే ఇంట్లో పెద్దవాళ్లు "కట్టు విప్పెయ్, కాస్త గాలి తగలనీ" అంటారు. పక్కు కట్టగానే నిశ్చింతగా ఉంటారు.

1962లో బ్రిటన్‌కు చెందిన జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందిపిల్లల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నిటిని పల్చటి పాలిథిన్ పొరతో కప్పాడు, కొన్నిటిని గాలికి వదిలేశాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. మరుసటి ఏడే మనుషుల్లోనూ అలాగే జరుగుతుందని తేలింది. కారణం తేలికే. కొత్త చర్మపు కణాలు పుండు అంచుల నుంచి మధ్యకు పాకుతూ వస్తాయి. పైన పక్కు గట్టిపడి ఉంటే దాని కిందుగా దారి తొలుచుకుంటూ రావాలి, చెమ్మ ఉంటే జారుకుంటూ వచ్చేస్తాయి. రైతులకు దీన్ని చెప్పడానికి ఒక్క మాట చాలు: పదును. విత్తు మొలవాలంటే నేల బెట్టగా ఉండకూడదు, బురదగానూ ఉండకూడదు. నీరు బాగా కారే పుండుకు పీల్చుకునే కట్టు కావాలి, లేకపోతే చుట్టూ చర్మం తెల్లగా నానిపోయి పుండు పెద్దదవుతుంది. ఎండిపోతున్న పుండుకు చెమ్మను నిలిపే కట్టు కావాలి. ఒక్క మినహాయింపు గట్టిగా గుర్తుంచుకోవాలి. రక్తం అందక నల్లగా ఎండిపోయిన వేలిని తడపకూడదు. దాన్ని పొడిగానే ఉంచి వెంటనే సర్జన్ దగ్గరికి పంపాలి.

చెమ్మ నిలిపే కట్టు అంటే ఖరీదైన విదేశీ సరుకని భయపడనక్కర్లేదు. పుండుకు తగిలేచోట పారఫిన్ పూసిన గాజుగుడ్డ వేస్తే అతుక్కోదు, తీసేటప్పుడు కొత్త చర్మం ఊడిరాదు. ముంబయిలో కాలిన గాయాల వైద్యులు 1980ల్లో ఉడికించిన బంగాళాదుంప తొక్కను, ఆ తర్వాత శుద్ధి చేసిన అరటాకును కట్టుగా వాడి చూసి వైద్య పత్రికల్లో రాశారు. అన్నం అంటుకోని అరటాకు పుండుకూ అంటుకోదన్నమాట. ఇది ఇంట్లో చేసుకోమని చెప్పడం లేదు. సూత్రం అర్థమైతే చవకైన దారులూ దొరుకుతాయని చెబుతున్నాను.

కడగడం దగ్గర కూడా ఇలాంటి పాత అలవాట్లున్నాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది, అది చూసి మురికంతా పోతోందని నమ్ముతాం. ఆ మందు క్రిములతోపాటు పుండును పూడ్చే కణాలనూ చంపుతుంది. శుభ్రంగా ఉన్న పుండు మీద రోజూ అయోడిన్ పోయాల్సిన పని కూడా లేదు. మామూలు గాయాలకు సెలైన్ చాలు. అది లేకపోతే తాగడానికి పనికొచ్చే శుభ్రమైన నీళ్లతో కడిగినా ఇన్ఫెక్షన్లు ఎక్కువేమీ కాలేదని, ఒక విషయం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. కుక్క కరిచినప్పుడైతే సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగడమే మొదటి వైద్యం, టీకా ఆ తర్వాత. కాలిన చోట చల్లటి కుళాయి నీళ్లు 20 నిమిషాలు పోయాలి. టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి, ఏవీ పెట్టకూడదు. పసుపు సంగతి అడుగుతారని తెలుసు. దానిలో వాపు తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలలు చెబుతున్నాయి, నిజమే. కాని డబ్బాలోంచి తీసిన వంటింటి పసుపు క్రిములు లేని పొడి కాదు. దాని పొర కింద పుండు ఎలా ఉందో కనపడదు కూడా.

ఇక యాంటీబయాటిక్స్. పుండులో పసుపుపచ్చగా కనిపించేదంతా చీము కాదు. చాలాసార్లు అది చచ్చిన కణజాలం, అంటుకుని ఉంటుంది. దాన్ని నెమ్మదిగా తొలగించాలి, మాత్రలతో పోదు. ప్రతి పాత పుండు మీదా సూక్ష్మజీవులు ఉంటాయి, అవి ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు. చుట్టూ ఎరుపు పాకుతుంటే, వేడి, వాపు, నొప్పి పెరుగుతుంటే, జ్వరం వస్తే అప్పుడు మందు కావాలి, అప్పుడు ఆలస్యం చేయకూడదు. షుగరు ఉన్నవాళ్లలో ఈ గుర్తులు మందకొడిగా ఉంటాయి కాబట్టి ఇంకాస్త అనుమానంగానే చూడాలి. శుభ్రపరిచిన లోహపు పుల్లతో లోపలికి తాకి చూస్తే ఎముక తగిలిందంటే అక్కడితో పీహెచ్‌సీ పని అయిపోయినట్టు, పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

ఇదంతా కట్టు గురించి. అయితే నా ఉద్దేశంలో శిక్షణ మొదలవ్వాల్సింది కట్టు దగ్గర కాదు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో 1999 నుంచి పుండ్ల వైద్యం మీద అంతర్జాతీయ కోర్సు నడిపిన గ్యారీ సిబాల్డ్ ఒక వరస చెబుతారు: ముందు కారణానికి వైద్యం, తర్వాత రోగి బాధలు, ఆ తర్వాతే పుండుకు వైద్యం. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం.

మా పెదనాన్న సంగతే చెబుతాను. మూడు నెలలు కట్లు కట్టించాక, మా ఊరి సబ్‌సెంటర్‌కు ఒక ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలు) అమ్మాయి కొత్తగా వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ చదివి, కొన్నాళ్లు పెద్దాసుపత్రిలో పాదాల ఓపీలో కూర్చుని నేర్చుకుంది. ఆమె కట్టు విప్పలేదు. "తాతా, కళ్లు మూసుకో. నేను ఏ వేలు ముట్టుకుంటే ఆ వేలు చెప్పు" అంది. రెండు పాదాల్లో బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు, ఆరు చోట్ల చూపుడువేలి కొసతో అలా ఆనించి తీసింది. ఆరింటిలో ఆయన చెప్పింది రెండే. ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు తయారుచేసిన పరీక్ష అది. పరికరం అక్కర్లేదు, ఆశా కార్యకర్త కూడా చేయొచ్చు. రెండు వేళ్ల దగ్గర తెలియకపోయినా ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టే లెక్క. తర్వాత ఆమె గుమ్మం బయట విడిచిన ఆయన చెప్పు తెచ్చి, లోపల చెయ్యి పెట్టి తడిమింది. బొటనవేలి దగ్గర అట్టలోంచి మేకు మొన ఒకటి పైకి వచ్చి ఉంది. మూడు నెలలపాటు ఆయన రోజూ కట్టు కట్టించుకుని ఆ మేకు మీదే నడిచి ఇంటికి వచ్చారు. నేను పక్కనే నడిచాను.

కారణం వెతకకుండా కట్టు కట్టడం మన ఊళ్ల పాపమే కాదు. బ్రిటన్‌లో 2012-13 సంవత్సరపు రికార్డులు తిరగేస్తే, అక్కడి ప్రభుత్వ వైద్యం చూసుకున్న సుమారు 22 లక్షల మంది పుండ్ల రోగుల్లో దాదాపు 30 శాతం పుండ్లకు అసలు ఏ రకమో నిర్ధారణే రాసి లేదు. స్వీడన్‌లో 2009లో మానని పుండ్లకు ఒక జాతీయ రిజిస్టరు పెట్టారు. అందులో పేరెక్కాలంటే పుండు ఎందుకు వచ్చిందో రాయాలి, కొలత వేయాలి, మానేదాకా వెంటపడాలి. 2009లో 146 రోజులున్న మధ్యస్థ వైద్యకాలం 2012కు 63 రోజులకు దిగింది, యాంటీబయాటిక్ వాడకం 71 శాతం నుంచి 29 శాతానికి పడింది. ఇది ముందూ వెనకా పోల్చి చూసిన లెక్క కాబట్టి ఘనత మొత్తం రిజిస్టరుకే కట్టబెట్టలేం. అయినా అక్కడ కొత్తగా వచ్చిన అద్భుతమైన మందేమీ లేదు. అడగాల్సిన ప్రశ్న అడిగారు, జవాబు కాగితం మీద పెట్టారు.

కాళ్ల పుండ్లకు ముఖ్యమైన కారణాలు మూడు. ఇక్కడ మళ్లీ మన మాట అడ్డొస్తుంది, ఎందుకంటే మూడింటినీ మనం "నరం" అనే అంటాం. చెడు రక్తాన్ని గుండెకు చేర్చే సిరలు ఉబ్బినా "నరాలు ఉబ్బాయి" అంటాం, మంచి రక్తం తెచ్చే ధమని మూసుకుపోయినా "నరం మూసుకుపోయింది" అంటాం, స్పర్శ చెప్పే నాడి చచ్చినా "నరం చచ్చింది" అంటాం. రోగి చెప్పిన ఈ ఒక్క మాటను మూడుగా విడదీయడమే శిక్షణలో మొదటి పాఠం కావాలి. వైద్యం మూడింటికీ మూడు దారులు.

సిరల పుండు సాధారణంగా చీలమండ లోపలి వైపు వస్తుంది, చుట్టూ చర్మం నల్లబడుతుంది, నీరు కారుతుంది. టిఫిన్ సెంటర్ వాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు, రోజంతా నిలబడే ఎవరైనా దీని బారిన పడొచ్చు. దీనికి అసలు మందు ఒత్తిడి కట్టు, వేళ్ల మొదట్నుంచి మోకాలి కిందిదాకా. ఒత్తిడి కట్టు కట్టినవి కట్టనివాటికంటే త్వరగా మానతాయని ఎన్నో పరీక్షల్లో రుజువైంది. ఉబ్బిన సిరకు ఆపరేషన్ లాంటి చికిత్సను వాయిదా వేయకుండా ముందే చేస్తే ఇంకా త్వరగా మానుతుందని 2018లో బ్రిటన్‌లో 450 మంది మీద జరిగిన ఈవ్రా పరీక్ష తేల్చింది: 82 రోజులకు బదులు 56 రోజులు. కాని ఇదే ఒత్తిడి కట్టును ధమని మూసుకుపోయిన కాలికి బిగిస్తే కాలే పోవచ్చు. అందుకే కట్టే ముందు పాదం మీద, లోపలి చీలమండ వెనక ధమని కొట్టుకుంటోందో లేదో చూడాలి. రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ పరికరం ఉంటే చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించి చూడాలి. 0.8 కంటే తక్కువైతే గట్టి కట్టు వద్దు. షుగరు ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి ఈ అంకె దొంగగా ఎక్కువ చూపిస్తుందని కూడా నేర్పాలి.

మూడోది మా పెదనాన్నది, స్పర్శ లేని పాదం. దీని వైద్యం పుట్టింది కుష్ఠు ఆసుపత్రుల్లో, అదీ మన దేశంలోనే. 1930ల్లో ఇక్కడే జోసెఫ్ ఖాన్ అనే వైద్యుడు కుష్ఠు రోగుల అరికాలి పుండ్లకు ప్లాస్టర్ కట్టు వేసి, బరువు ఒకేచోట పడకుండా చేసి మాన్పించాడు. తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టి వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ ఆ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లాడు. ఆ పాదం మాంసం కుళ్లిపోయే రకం కాబట్టి పుండు పడిందన్న అపోహను పోగొట్టి, నొప్పి తెలియక అదేచోట మళ్లీ మళ్లీ నొక్కుకోవడం వల్లే పడుతుందని చూపించాడు. ఇవాళ ప్రపంచమంతటా షుగరు పాదానికి చేసే వైద్యంలో మొదటి సూత్రం అదే: పుండు మీద బరువు తీసెయ్యాలి. మన కుష్ఠు పారామెడికల్ సిబ్బందికి ఎంసీఆర్ చెప్పుల గురించి, అంటే లోపల మెత్తటి రబ్బరు అట్ట ఉన్న చెప్పుల గురించి, దశాబ్దాలుగా తెలుసు. ఆ జ్ఞానం పక్క గదిలోని షుగరు ఓపీకి చేరకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది. వాళ్ల పాదాలను మొదట చూడాల్సింది సబ్‌సెంటర్, పీహెచ్‌సీలే.

మరి శిక్షణ ఇచ్చేస్తే సరిపోతుందా? శిక్షణ మీద కూడా పరిశోధన ఉంది, అది చెప్పేది కాస్త చేదుగానే ఉంటుంది. వైద్య సిబ్బందికి పెట్టే సదస్సులు, వర్క్‌షాపుల మీద 2009 నాటి కాక్రేన్ సమీక్షలో, సరైన పద్ధతి పాటించడం పెరిగింది మధ్యస్థంగా 6 శాతమే. వాళ్ల పనిని లెక్కగట్టి వాళ్లకే చూపించే పద్ధతిలో 2012 సమీక్ష ప్రకారం 4.3 శాతం. ఒక్కటొక్కటిగా ఇవి చిన్నవి. జిల్లా కేంద్రంలో ఒక రోజు పవర్‌పాయింట్ చూపించి, భోజనం పెట్టి, సంతకాలు తీసుకుని పంపితే చేతులు మారవు. తెల్లారి కట్టు గదిలో పాత ట్రే, పాత గుడ్డ, పాత రద్దీ అలాగే ఉంటాయి.

మన దేశంలోనే ఇంతకంటే మంచి నమూనా ఒకటి ఉంది. 2004లో మొదలైన స్టెప్ బై స్టెప్ అనే పాదాల కార్యక్రమంలో, నాగపూర్ వైద్యుడు శరద్ పెండ్సే వంటివారు డాక్టరును, నర్సును జంటగా పిలిచారు. మొదట ప్రాథమిక కోర్సు, పనిముట్లు చేతికిచ్చి పంపడం, ఒక ఏడాది సొంత ఊళ్లో చేశాక మళ్లీ పిలిచి పై కోర్సు. జంటగా పిలవడం చిన్న విషయం కాదు. నర్సు ఒక్కతే నేర్చుకొస్తే "నీకేం తెలుసు" అనేవాళ్లుంటారు, డాక్టరు ఒక్కడే నేర్చుకొస్తే కట్టు కట్టే చేతికి అది చేరదు. నేనైతే మూడో మనిషిని కూడా చేర్చమంటాను, కట్టు గదిలో నిజంగా గుడ్డ పట్టుకునే ఆ కాంపౌండరు గారిని. హోదా కాగితంలో ఆయన పేరు ఏ పోస్టు కింద ఉన్నా సరే.

తర్వాత అండ కావాలి. అమెరికాలోని న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా అనే వైద్యుడు 2003లో ప్రారంభించిన ఎకో పద్ధతిలో నిపుణులు, పల్లె వైద్యులు వారం వారం తెర మీద కలుసుకుని నిజమైన రోగుల కేసులు చర్చించుకుంటారు. హెపటైటిస్ సి వైద్యంలో పల్లె క్లినిక్‌లు విశ్వవిద్యాలయ ఆసుపత్రితో సమానంగా ఫలితాలు తెచ్చాయని 2011లో తేలింది. పుండ్లకు ఇది బాగా నప్పుతుంది. పుండును ఫొటో తీయొచ్చు, పక్కన స్కేలు పెడితే కొలత కూడా వచ్చేస్తుంది. ఆ కొలతే దారి చూపుతుంది. షుగరు పాదపు పుండు వైశాల్యం 4 వారాల్లో సగానికి తగ్గకపోతే, ఇదే పద్ధతిలో అది 12 వారాలకు మానే అవకాశం తక్కువ. అప్పుడు ఆగి మళ్లీ కారణం వెతకాలి, పైకి పంపాలి. పది రూపాయల స్కేలుతో తేలే విషయం ఇది.

సరుకు రాకపోతే చదువు నిలవదు. పారఫిన్ గుడ్డ వాడమని నేర్పి, స్టోరులో దూదీ గాజుగుడ్డా మాత్రమే ఉంచితే ఆ అమ్మాయి నెల తిరక్కుండా పాత పద్ధతికి వచ్చేస్తుంది. శిక్షణ తేదీ ఖాయమైన రోజే సరుకు కోరుతూ ఇండెంటు కూడా వెళ్లాలి.

రోగి మాట ఇంకొకటి మిగిలింది. నిదర్శనాల మీద నడిచే వైద్యం అంటే పరిశోధన, వైద్యుడి అనుభవం, రోగి కోరిక, మూడూ కలవాలని 1996లోనే డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు రాశారు. "కాలు కింద పెట్టొద్దు" అని మిరపకోతల్లో రైతుకు చెప్పడం తేలిక. పెదనాన్న వినలేదు, వినరు. ఆ అమ్మాయి వాదించలేదు. మెత్తటి ఫెల్ట్ ముక్కను పుండు చోట కన్నం చేసి పాదానికి అంటించింది, ఎంసీఆర్ చెప్పులు తెప్పించింది, చేలో గట్టు మీద కూర్చుని పని పురమాయించడానికి ఒప్పించింది. నోటు పుస్తకంలో కొలతలు రాయించింది. మొదటి వారం 3 సెంటీమీటర్లు పొడవు, 2 వెడల్పు. నాలుగో వారానికి 2 పొడవు, 1 వెడల్పు. పదకొండో వారంలో ఆ గడిలో గీత పెట్టింది.

స్పర్శ తిరిగి రాలేదు, రాదు. రాత్రి పడుకునే ముందు మనవరాలు చిన్న అద్దం పట్టుకుని తాత అరికాళ్లు చూస్తుంది. మొన్న రక్తపరీక్ష కోసం పెదనాన్నతో మళ్లీ పీహెచ్‌సీకి వెళ్లాను. కట్టు గదిలో వేరే ముసలాయన బల్ల మీద ఉన్నాడు. ట్రేలో కత్తెర పక్కన ప్లాస్టిక్ స్కేలు ఉంది. కాంపౌండరు గారు గుడ్డ మీద సెలైన్ పోసి, అది నానేదాకా ఆగారు.

"నొప్పి లేదా?" అని అడిగి, "ఏదీ, నీ చెప్పులు ఇటివ్వు" అన్నారు.